హుజూరు, ఖాల్సా, లంగరు: నాందేడ్‌లో వినిపించే మత పదాల అర్థాలు

ఎన్నికల కాలం వచ్చిందంటే ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూర్ గోడల మీద ‘మతదాన్’ అనే మాట కనిపిస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో మరాఠీ చదివే పిల్లవాడు, మతాన్ని దానం చేయడమేమిటని అడిగితే అది తెలివితక్కువ ప్రశ్న కాదు. సంస్కృతంలో ‘మతం’ అంటే అభిప్రాయం. మరాఠీ ఆ అర్థాన్నే నిలుపుకొని, ఓటుకు కూడా దానినే వాడుతున్నది. తెలుగులో ఆ అర్థం ‘అభిమతం’, ‘సమ్మతం’ వంటి మాటల్లో మాత్రమే మిగిలింది. ‘మతం’ అన్న మాట మాత్రం దేవుని గురించిన విశ్వాసానికీ, ఆ విశ్వాసం గల సమూహానికీ పేరైపోయింది. తెలుగువారు మతం అనేదానిని మరాఠీవారు ‘ధర్మ’ అంటారు. తెలుగువారికేమో ధర్మమంటే న్యాయం, కర్తవ్యం, ఒక్కొక్కప్పుడు భిక్ష. “ధర్మం చేయండి బాబూ” అన్న కేకలో మతప్రసక్తి ఏమీ లేదు.

సరిహద్దు పల్లెల్లో నివసించే కుటుంబాలకు ఇటువంటి చిక్కులు కొత్తవి కావు. ఆసుపత్రికో, బజారుకో, కోర్టు పనికో నాందేడ్ వెళ్లేవారు గురుద్వారాను దర్శించుకొని వస్తారు. మాహూర్ జాతరకు వెళ్తారు, కంధార్ ఉర్సుకు వెళ్తారు. అక్కడ వినిపించే మాటలు చెవికి తెలిసినవిగానే ఉంటాయి. అయితే తెలిసిన మాటలోనే మోసం ఎక్కువ. పూర్తిగా కొత్త మాటైతే అర్థం అడిగి తెలుసుకుంటారు; తెలిసినట్లనిపించే మాటకు సొంత అర్థాన్ని తగిలించి, ఎదుటివారి విశ్వాసం గురించి పొరపాటు అభిప్రాయంతో ఇంటికి తిరిగి వస్తారు. ఇరుగుపొరుగు మధ్య మనస్తాపాలు కొన్ని ఇక్కడినుండే మొదలవుతాయి.

ఈ ప్రాంతపు చరిత్ర కూడా పదాల కలగలుపుకు కారణం. 1956 నవంబరు 1 వరకు నాందేడ్ హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లా. ముధోల్, భైంసా, కుభీర్, బిచ్కుంద, జుక్కల్ ప్రాంతాలు ఆనాటి నాందేడ్ జిల్లాలోనివే. కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో గీత మారింది గాని మాటలు మారలేదు. నిజాం కాలపు కచేరీ భాష రెండు వైపులా నిలిచిపోయింది. సిక్కు మతపరిభాషను అర్థం చేసుకోవడానికి తెలుగు రైతుకు ఆ కచేరీ భాషే మంచి తాళంచెవి.

హుజూరు ఎవరు?

నాందేడ్‌లోని ప్రధాన గురుద్వారా పూర్తి పేరు ‘తఖ్త్ సచ్‌ఖండ్ శ్రీ హజూర్ అబ్‌చల్‌నగర్ సాహిబ్’. ఇంత పొడవైన పేరులో తెలుగువారికి అర్థం కాని మాట దాదాపు లేదు. హుజూరాబాద్, హుజూర్‌నగర్ అనే ఊళ్లు తెలంగాణలో ఉన్నాయి. ‘హుజూర్’ అన్న అరబ్బీ మాటకు సన్నిధి అని అర్థం. అందుచేతనే దొరను, అధికారిని హుజూర్ అని పిలిచేవారు. ఇక్కడ సన్నిధి గురువుది. ‘తఖ్త్’ అంటే సింహాసనం. సిక్కులకు తఖ్తులు ఐదు: అమృత్‌సర్‌లోని అకాల్ తఖ్త్, ఆనంద్‌పూర్‌లోని కేశ్‌గఢ్, పంజాబులోనే ఉన్న దమ్‌దమా, బిహారులోని పట్నా సాహిబ్, నాందేడ్. మతానికి సంబంధించిన నిర్ణయాలు వెలువడే పీఠాలివి. పేరులో రాజరికం ధ్వనించడం యాదృచ్ఛికం కాదు. పాదుషాల సింహాసనం ఒక్కటే సింహాసనం కాదని ప్రకటించడానికే ఆ మాటను ఎంచుకున్నారు.

‘అబ్‌చల్’ అనేది అవిచలమే, చలించనిది. ‘సచ్‌ఖండ్’ అంటే సత్యఖండం. గురునానక్ రచించిన ‘జప్‌జీ’లో ఆత్మ ఎక్కవలసిన ఐదు మెట్లున్నాయి: ధర్మఖండం, జ్ఞానఖండం, ‘సరమ్ ఖండ్’ అనే శ్రమ మెట్టు, ‘కరమ్ ఖండ్’ అనే కృప మెట్టు, చివరిది సత్యఖండం. నాలుగవ దానిని చాలామంది కర్మఖండమని అనువదిస్తారు. పారసీలో ‘కరమ్’ అంటే దయ కనుక కృప అనుకోవడమే సందర్భానికి పొసగుతుంది. నాందేడ్ నుండి అమృత్‌సర్ వెళ్లే రైలుబండికి సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టినప్పుడు ఈ చివరి మెట్టు పేరునే పెట్టారు.

పదవ గురువు గురుగోవింద్ సింగ్ 1708లో మొగలు చక్రవర్తి బహదూర్ షాతో పాటు దక్కనుకు వచ్చి గోదావరి తీరాన నాందేడ్‌లో విడిది చేశాడు. తమ్ముడు కామ్‌బక్షును అణచడానికి చక్రవర్తి హైదరాబాదు దిక్కుకు సాగుతున్న కాలమది. ఇక్కడే మాధోదాస్ అనే బైరాగి గురువుకు శిష్యుడై బందా సింగ్ బహదూర్‌గా పంజాబుకు వెళ్లాడు. 1708 అక్టోబరు 7న గురువు దేహం చాలించాడు. సిక్కులు ఈ ఘట్టాన్ని ‘జ్యోతీ జోత్ సమానా’ అంటారు, అంటే జ్యోతి జ్యోతిలో కలియడం. తెలుగు యాత్రికులు “గురువు గారి సమాధి ఎక్కడ?” అని అడుగుతుంటారు. అక్కడ సమాధి లేదు. లోపలి గదిని ‘అంగీఠా సాహిబ్’ అంటారు. అంగీఠీ అంటే కుంపటి. అది గురువు దేహానికి అగ్నిసంస్కారం జరిగిన చోటు. ఇప్పటి మందిరం మహారాజా రంజిత్ సింగ్ కాలంలో, 1832 – 1837 మధ్య కట్టించినది.

జాగీరు కాదు, ఖాల్సా

పాత రెవెన్యూ కాగితాలు చూసిన కుటుంబాలకు ‘ఖాల్సా’ అన్న మాట సుపరిచితం. నిజాం రాజ్యంలో భూములు కొన్ని జాగీర్దారులవి, కొన్ని నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫేఖాసువి, మిగిలినవి ఖాల్సా, అంటే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టేవి. అరబ్బీలో ‘ఖాలిస్’ అంటే స్వచ్ఛమైనది. మధ్య దళారి కలియనిది అన్న భావం నుండి పై రెవెన్యూ అర్థం వచ్చింది.

సిక్కుల ఖాల్సాకూ ఈ రెండు అర్థాలూ అన్వయిస్తాయి. గురువులకూ శిష్యులకూ మధ్య కానుకలు వసూలు చేసే ‘మసంద్’ అనే ప్రతినిధులుండేవారు. కాలక్రమంలో వారు చిన్న చిన్న జాగీర్దారులవలె తయారైనారు. గురుగోవింద్ సింగ్ ఆ వ్యవస్థను రద్దుచేసి, 1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్‌లో ఖాల్సాను స్థాపించాడు. ఖాల్సా సిక్కు మధ్యవర్తి లేకుండా నేరుగా దేవునికి చెందినవాడు. “ఖాల్సా అంటే సిక్కుల సైన్యం” అని బడి పుస్తకాల ధోరణిలో చెప్పేస్తే ఈ సంగతి మరుగున పడుతుంది.

ఆనాడు తల ఇవ్వడానికి ముందుకు వచ్చిన ఐదుగురిని ‘పంజ్ ప్యారే’ అంటారు, ఐదుగురు ప్రియమైనవారని. వారిలో ఒకరు లాహోరు వారు, ఒకరు హస్తినాపురం, ఒకరు ద్వారక, ఒకరు పూరీ జగన్నాథం. ఐదవ వాడైన సాహిబ్ సింగ్ బీదర్ వాడు. మంగలి వృత్తివాడని సంప్రదాయం చెబుతుంది. దెగ్లూరుకు బీదర్ ఎంత దూరమో సరిహద్దు వారికి తెలుసు. సిక్కు మతం ఎక్కడో పంజాబులో పుట్టిన పరాయిదనుకునే వారు, దాని పునాదిరాళ్లలో ఒకటి ఈ పొరుగు జిల్లాది అని గమనించాలి.

ఆ రోజున ఇనుప పాత్రలో నీరు, పంచదార బిళ్లలు వేసి, ‘ఖండా’ అనే రెండంచుల కత్తితో కలిపి ఇచ్చిన దానిని అమృతమంటారు. పురాణాల్లో క్షీరసాగరం నుండి వచ్చినదానికీ దీనికీ పేరు ఒక్కటే. పురాణ అమృతం దేవతలకు మాత్రమే దక్కింది. ఇది ఐదు కులాలవారు ఒకే పాత్రనుండి తాగినది. అమృతం పుచ్చుకున్నవారు ధరించే ‘ఐదు కకారాల’లో మూడు తెలుగు పేర్లతో పోల్చదగినవే: కేశ్ అంటే కేశాలు, కృపాణ్ అంటే కృపాణం, కడా అంటే కడియం. మిగిలినవి కంఘా, అంటే దువ్వెన. కచేరా, అంటే పొట్టి లాగు.

ఇంకొక మాట తెలుగు చెవిని బాగా తప్పుదోవ పట్టిస్తుంది. అది ‘అకాల్’. అకాల వర్షం, అకాల మరణం అంటూ తెలుగువారు చెడు సందర్భాల్లోనే వాడతారు. “సత్ శ్రీ అకాల్” అన్న పలకరింపు విని ముఖం చిట్లించుకునే వృద్ధులు లేకపోలేదు. ఇక్కడ అకాలమంటే వేళగాని వేళ కాదు, కాలానికి లోబడనిది. దేవునికి సిక్కులు పెట్టుకున్న పేర్లలో ‘అకాల్ పురఖ్’ ముఖ్యమైనది.

గ్రంథం, అంగం, హుకుం, అర్దాస్

“సిక్కులు పుస్తకాన్ని పూజిస్తారు” అన్న మాట పల్లెల్లో తరచుగా వినిపిస్తుంది. చూపుకు అలాగే కనిపిస్తుంది. చాందినీ కింద ఎత్తైన పీఠం మీద గ్రంథం ఉంటుంది, వెనుకనుండి వింజామర వీస్తారు, వచ్చినవారు నుదురు నేలకు ఆన్చుతారు. ఉదయం గ్రంథాన్ని తెరవడాన్ని ‘ప్రకాశ్’ అనీ, రాత్రి మూసి వస్త్రాలు కప్పి పడుకోబెట్టడాన్ని ‘సుఖాసన్’ అనీ అంటారు. అయితే ఇది విగ్రహారాధన వంటిది కాదు. నాందేడ్‌లో గురుగోవింద్ సింగ్ తన తరువాత మనిషి ఎవరూ గురువు కాబోరని చెప్పి, గ్రంథాన్నే గురువుగా నిలిపాడు. ఆ సందర్భానికి ‘గుర్తా గద్దీ’ అని పేరు. 300 ఏళ్ల ఉత్సవం 2008లో నాందేడ్‌లో పెద్ద ఎత్తున జరిగింది. తల వంచేది కాగితానికి కాదు, అందులోని మాటకు. తెలుగులో గురువంటే బడిపంతులు మొదలు మఠాధిపతి వరకు మనిషే. ఇక్కడ మాటే గురువు. ఈ ఒక్క తేడా పట్టుబడితే మిగిలిన ఆచారమంతా అర్థమవుతుంది.

గురుగ్రంథ సాహిబ్‌లో 1430 పుటలున్నాయి. వాటిని పుటలని అనరు, ‘అంగ్’ అంటారు, శరీరానికి అంగాల వలె. ప్రతిదినం గ్రంథాన్ని ఎక్కడో ఒకచోట తెరచి, ఎడమ పుట పైభాగాన వచ్చిన పద్యాన్ని చదువుతారు. అది ఆనాటి ‘హుకుం’ లేదా ‘హుకుంనామా’. తెలంగాణ పల్లెల్లో హుకుం అంటే పటేలో, తహసీల్దారో జారీ చేసినది, ఎదురు చెప్పరానిది. సిక్కు పరిభాషలో లోకాన్ని నడిపే దైవసంకల్పమే హుకుం. మనిషి దానికి భయపడవలసిన పని లేదు, దానితో కలిసి నడవాలి. దానికి అడ్డుపడేది ‘హౌమై’, అంటే నేను నేను అనే అహం.

ప్రార్థన చివర అందరూ నిలబడి చెప్పే ‘అర్దాస్’ కూడా కచేరీ మాటే. పారసీలోని ‘అర్జ్‌దాష్త్’ అంటే పైవారికి సమర్పించే విన్నపం. తెలుగువారి ‘అర్జీ’ దానికి సోదరి. తహసీలు కచేరీలో అర్జీ పెట్టుకున్న రైతుకు అర్దాస్ అర్థాన్ని వేరే వివరించనక్కరలేదు.

బంతిలో కూర్చోవడం

సంగత్, పంగత్, లంగర్ – ఈ మూడూ జంటగా వినబడతాయి. ‘సంగత్’ సాంగత్యమే, కలిసి కూర్చున్న భక్తసమూహం. ‘లంగర్’ పారసీ మాట. పడవకు వేసే లంగరు అదే, బీదసాదలకు అన్నం పెట్టే సత్రమూ అదే. సూఫీల ఆశ్రమాల్లో ముందునుండీ ఉన్న ఈ ఏర్పాటును సిక్కు గురువులు తమ మతానికి గుండెకాయగా చేశారు.

అన్నిటికంటె ఆలోచించవలసినది ‘పంగత్’. అది సంస్కృతంలోని పంక్తి. తెలుగులో అదే మాట ‘బంతి’గా మారింది, బంతిభోజనాలు అందరికీ తెలుసు. కాని పల్లెల్లో బంతి అన్న మాటకు ఒక చేదు చరిత్ర ఉన్నది. ఎవరి బంతి వారిది. ఎవరు మొదటి బంతి, ఎవరు చివరి బంతి, ఎవరు అరుగు మీద, ఎవరు గొడ్ల కొట్టం దగ్గర అన్నది పెళ్లివంట కంటె ముందే నిర్ణయమై ఉండేది. పంక్తిబాహ్యుడన్న మాట ఆ వివక్షనుండే పుట్టింది. మనుషులను వేరుచేయడానికి వాడిన ఆ మాటనే సిక్కులు తలక్రిందులు చేశారు. పంగత్‌లో కూర్చోవడమంటే, ప్రక్కన ఎవరున్నారో అడగకుండా నేల మీద ఒకే వరుసలో కూర్చోవడం. ఈ కారణంచేతనే లంగరును ఉచిత భోజనమని మాత్రమే అనడం చాలదు. అన్నదానంలో దాత, గ్రహీత ఉంటారు; పంగత్‌లో ఆ ఇద్దరూ ఒకే వరుసలో ఉంటారు.

అక్కడ రొట్టెను ‘ప్రసాదా’ అంటారు. రెండు చేతులూ చాచి పుచ్చుకోవాలి. గోధుమపిండి, నెయ్యి, పంచదార సమపాళ్లలో వేసి చేసే హల్వా వేరే. దాని పేరు ‘కడాహ్ ప్రసాద్’. భోజనం ముగించి డబ్బెంత అని అడగడం అక్కడివారిని ఇబ్బంది పెట్టడమే. ఇవ్వదలచినవారు హుండీలో వేయవచ్చు, లేదా ‘సేవ’ చేయవచ్చు. ఈ సేవ కూడా తెలుగు దేవాలయపు సేవ కాదు. తెలుగునాట సుప్రభాత సేవకో, అర్చనకో టికెట్టు కొంటారు, పూజారి చేస్తాడు. సిక్కుల సేవ సొంత చేతులతో చేసేది: పిండి పిసకడం, అంట్లు తోమడం, నేల తుడవడం. చెప్పులు భద్రపరిచే ‘జోడాఘర్’లో యాత్రికుల జోళ్లు అందుకొని తుడిచి పెట్టేవారిలో పెద్ద ఉద్యోగులు, ధనవంతులు కూడా ఉంటారు.

తల మీద వస్త్రం లేకుండా లోపలికి వెళ్లరాదు. రుమాలో, కొంగో చాలు. పొగాకు మాత్రం ఖచ్చితమైన నిషేధం. ఖాల్సా నియమాల్లో పొగాకు వాడడం ఘోరమైన తప్పులలో ఒకటి. బీడీలు చుట్టి బ్రతికే కుటుంబాలు సరిహద్దుకు ఈవలి ప్రక్క వేలకొలది ఉన్నాయి కనుక, జేబులో బీడీకట్టతో లోపలికి వెళ్లడం ఎవరికీ తప్పుగా తోచదు. దానిని బయటనే విడిచి వెళ్లడం మర్యాద.

కీర్తన ఒకటి, రూపాలు మూడు

తెలుగువారికి కీర్తన అంటే అన్నమయ్య, త్యాగయ్యల పాట. మరాఠీ వార్కరీ సంప్రదాయంలో కీర్తన్ అంటే నిలబడి కథ చెబుతూ, అభంగాలు పాడుతూ, నడుమ ఊరివారిని మందలిస్తూ సాగే కార్యక్రమం. తెలుగు హరికథకు దగ్గరిది. గురుద్వారాలో కీర్తన్ అంటే ‘రాగీ’లనే గాయకులు గ్రంథంలోని పదాలను వాటికి నిర్ణయించిన రాగాల్లో పాడడం. కథలు చెప్పడం అక్కడ వేరే పని, దానిని ‘కథా’ అనే అంటారు.

వార్కరీ అన్న మాటలోని ‘వారీ’కి క్రమం తప్పకుండా వెళ్లే యాత్ర అని అర్థం. ఆషాఢ, కార్తిక ఏకాదశులకు పండరిపురం వెళ్లేవాడు వార్కరీ. ఆ సంప్రదాయానికి చెందిన నామదేవుడు దర్జీ కులస్థుడు. ఆయన పుట్టినది పొరుగున ఉన్న హింగోలీ జిల్లాలోని నర్సీ అని అక్కడివారి సంప్రదాయం (నాయగావ్ తాలూకాలోని నర్సీ కూడలి వేరు). ఆయన పదాలు 61 గురుగ్రంథ సాహిబ్‌లో చేరాయి. పంజాబులోని ఘుమాన్‌లో ఆయన పేర గురుద్వారా ఉన్నది. 2015లో అఖిల భారత మరాఠీ సాహిత్య సమ్మేళనం జరిగినది ఆ ఊరిలోనే. కాబట్టి నాందేడ్ గురుద్వారాలో పంజాబీ గాయకుడు పాడుతున్నది ఒక్కొక్కప్పుడు మరాఠ్వాడా దర్జీ మాటే.

ఉర్సు, పీఠం, దీక్ష

కంధార్‌లోని హాజీ సయ్యాహ్ సర్వర్ మఖ్దూమ్ దర్గాకు హిందువులు, ముస్లిములు ఇద్దరూ వెళ్తారు. ‘దర్గా’ అంటే గుమ్మం, ఆస్థానం. ‘మసీదు’ అంటే సజ్దా చేసే చోటు. రెండూ ఒకటి కావు. మసీదులో నమాజు దేవునికి మాత్రమే. దర్గాకు వెళ్లడం పెద్దవారి దర్శనం వంటిది, దానిని ‘జియారత్’ అంటారు. ‘ఉర్సు’ పీరు మరణించిన రోజున జరుగుతుంది. అయినా అది సంతాపదినం కాదు. అరబ్బీలో ఆ మాటకు పెళ్లి అని అర్థం. భక్తుని ఆత్మ తన ప్రియునితో కలిసిన రోజు అది. గంధం ఊరేగింపు, పూల దుప్పటి ఎందుకో ఇప్పుడు తేటపడుతుంది.

మాహూర్ రేణుకాదేవిని తెలుగువారు ఎల్లమ్మగా కొలుస్తారు. మరాఠీవారి లెక్కలో శక్తిపీఠాలు మూడున్నర: కొల్హాపూర్, తుల్జాపూర్, మాహూర్, అరగా లెక్కించే వణీ సప్తశృంగి. తెలుగువారి లెక్క పద్దెనిమిది. అందులో మాహూర్‌ను ఏకవీర పేరుతో గుర్తిస్తారు. లెక్కలు వేరైనా కొండ ఒక్కటే. ఇక్కడి ప్రసాదం పులిహోర, లడ్డూ కాదు, నూరిన తాంబూలం.

‘దీక్ష’ అనగానే తెలుగు ఇళ్లల్లో నల్లబట్టలు, మాల, నలభై ఒక్క రోజులు గుర్తుకు వస్తాయి. అది గడువు తీరగానే విరమించేది. ‘ధమ్మదీక్ష’కు విరమణ లేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో డాక్టర్ అంబేడ్కర్ లక్షలాది అనుచరులతో బౌద్ధం స్వీకరించాడు. త్రిశరణాలు, పంచశీలతో పాటు 22 ప్రతిజ్ఞలు చేయించాడు. మరాఠ్వాడా పల్లెల్లో ఎన్నో కుటుంబాలు ఆ బాటలో నడిచాయి. ‘ధమ్మ’ అనేది ధర్మానికి పాలీ రూపమే అయినా ఆ కుటుంబాలు దానిని ‘ధర్మ’ అని దిద్దితే ఒప్పుకోవు. వర్ణధర్మం, కులధర్మం అంటూ తమను కట్టిపడేసిన మాటను విడిచి, బుద్ధుని బోధకు ఆయన నాటి భాషకు దగ్గరగా ఉన్న పేరు పెట్టుకున్నారు. దానిని పల్లెటూరి ఉచ్చారణ అనుకొని బడిలో దిద్దే ఉపాధ్యాయులు ఈ సంగతి ఎరిగి ఉండడం మంచిది.

ఆ 1956 అక్టోబరు 14 విజయదశమి. కనుక ఏటా దసరానాడు నాందేడ్ జిల్లాలో ఒకే సమయాన నాలుగు పండుగలు నడుస్తాయి. హజూర్ సాహిబ్ నుండి ఆయుధాలతో, గుర్రాలతో ‘హల్లాబోల్’ ఊరేగింపు బయలుదేరుతుంది. బుద్ధ విహారాల్లో ధమ్మచక్ర ప్రవర్తన దినం జరుపుతారు. మాహూర్‌లో నవరాత్రులు ముగుస్తాయి. సాయంకాలం పల్లెల్లో తెలుగువారు జమ్మి ఆకును పంచుకొని దానిని ‘బంగారం’ అంటారు. ప్రక్క ఇంటి మరాఠీవారు ఆపటా ఆకును చేతిలో పెట్టి అది ‘సోనం’ అంటారు.